మీ బాల్కనీ బరువు మోస్తుందా? ఇంట్లోనే ఎలా చూసుకోవాలి

వానలు మొదలైతే చాలు, నా ఫోన్‌కు బాల్కనీల ఫోటోలు వచ్చి పడతాయి. "అన్నా, పెచ్చు ఊడింది, పర్వాలేదా?" "సార్, కమ్మీ కనపడతాంది, సిమెంటు పూస్తే చాలా?" కర్నూలులో ఇళ్ళు కట్టించే పనిలో ఉన్నాను కాబట్టి అడుగుతారు, తప్పులేదు. కానీ ఆ ఫోటోలు దాదాపు అన్నీ కింద నిలబడి, తల పైకెత్తి తీసినవే. బాల్కనీని పట్టి ఉంచేది కింద లేదు. పైన, గోడ పక్కన, మీరు పరిచిన బండ కింద ఉంది. చూడాల్సిన చోటు అది.

ఎందుకో ఒక్క మాటలో చెప్తాను. చెయ్యి ముందుకు చాపి నీళ్ళ బిందె పట్టుకోండి. లాగుడు భుజం పైన తెలుస్తుంది. గోడలోంచి బయటికి చాపిన స్లాబు కూడా అంతే. దాని పైభాగం సాగుతుంది. కాంక్రీటు సాగుడుకు ఆగదు, ఆపేది కమ్మీ. గది స్లాబులో ముఖ్యమైన కమ్మీ కింద ఉంటే, బాల్కనీలో పైన ఉండాలి. ఇంతకంటే సిద్ధాంతం మనకు అక్కర్లేదు.

కావలసినవి

పావుకిలో సుత్తి, స్క్రూడ్రైవర్, టార్చి, ఇంచి టేపు, మేస్త్రీలు వాడే నీళ్ళ పైపు (లెవెల్ చూసేది), పెన్సిల్, నిచ్చెన. నిచ్చెన పట్టుకోవడానికి ఒక మనిషి. తలకు హెల్మెట్, బైకుది అయినా పర్వాలేదు. కళ్ళకు అద్దాలు. ఒక పూట టైము.

ముందే ఒక జాగ్రత్త. అనుమానం ఉన్న బాల్కనీ ఎక్కి చూడటంతో పని మొదలుపెట్టొద్దు. ముందు కింద నుంచి, తర్వాత గది లోపలి నుంచి, అవి రెండూ బాగున్నాయనిపిస్తేనే దాని మీదికి. చూసేటప్పుడు కింద పిల్లలు, బండ్లు, మంచాలు లేకుండా చేయండి.

1. ముందు అది ఏ రకమో తేల్చుకోండి

గది స్లాబే గోడ దాటి బయటికి సాగితే అది మంచి రకం. లోపలి బరువు దాన్ని తొక్కి పట్టి ఉంచుతుంది.

రెండోది, పాత ఇళ్ళలో కనిపించే రాతి రకం. నాపరాయి బండను గోడలో గుచ్చి బయటికి వదిలేసి ఉంటారు. సన్‌షేడ్‌కు ఎక్కువగా ఇదే, కొన్నిచోట్ల నిలబడే వసారాకూ ఇదే. రాయికి లోపల కమ్మీ ఉండదు. కాంక్రీటు ముందు పగులిచ్చి, వంగి, నాలుగు రోజులు హెచ్చరిస్తుంది. రాయి చెప్పకుండా విరుగుతుంది. అందుకే రాతి ఛజ్జా మీద పూలకుండీలు కూడా వద్దంటాను. రాయిని పట్టుకున్న గోడ మట్టి అడుసుతో కట్టినదయి, 2009 అక్టోబరు వరదలో మునిగిన పాతబస్తీ ఇల్లయితే, రాయి మొదట్లో అడుసు ఎంత మిగిలిందో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. పొడి రాలితే దాని కింద నడవడం కూడా ఆపేయాలి.

మూడోది, నన్ను భయపెట్టేది. ఇల్లు కట్టిన పదేళ్ళకు "ఒక బాల్కనీ ఉంటే బాగుండు" అనిపించి, గోడకు బెజ్జాలు కొట్టి, జానెడు కమ్మీలు దూర్చి పోసిన స్లాబు. అది గోడకు అతికించిన బిళ్ళ లాంటిది. మీది ఇదే అయితే కింది పరీక్షలతో కాలం గడపొద్దు. వాడకం ఆపి నేరుగా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.

2. కింద నిలబడి చూడండి

టార్చి వెలుతురు పక్కనుంచి, స్లాబుకు వాలుగా వేయండి. ఎదురుగా వేస్తే సన్న పగుళ్ళు కనపడవు. తెల్లటి ఉప్పు చారలు ఉంటే పైనుంచి నీళ్ళు స్లాబు గుండా దిగుతున్నాయని అర్థం. ఎర్రటి మరకలు ఉంటే ఆ నీళ్ళు కమ్మీని తాకాయని అర్థం. తుప్పు, తాను తిన్న ఇనుముకు రెండు మూడింతలకు పైగా చోటు తీసుకుంటుంది, ఆ ఒత్తిడికే పెచ్చు ఊడుతుంది. అంటే పెచ్చు ఊడటం జబ్బు మొదలు కాదు, చాలాకాలంగా లోపల నడుస్తున్న కథ బయటపడటం.

బాల్కనీ కింద గోడకూ స్లాబుకూ మధ్య మూలలో ఏమైనా నలిగినట్టు, పొరలుగా రాలినట్టు ఉందా? ఉంటే రాసుకోండి. పైభాగం సాగితే కింది మూల నలుగుతుంది.

3. సుత్తితో తట్టండి

నిచ్చెన ఎక్కి స్లాబు అడుగున తట్టండి. గట్టిగా కొట్టడం కాదు, కొబ్బరికాయ ముదిరిందో లేదో చూసినట్టు తట్టాలి. ఖంగుమంటే గట్టి. డొల్ల శబ్దం వస్తే లోపల పొర విడిపోయింది. డొల్ల ఉన్న చోటల్లా పెన్సిల్‌తో గీత గీయండి. ఆ గీతలన్నీ కలిసి మొత్తంలో పావు వంతు దాటితే అతుకుల పని కాదు, ఇంజనీరు పని.

ఇక్కడ చాలామంది చేసే తప్పు: డొల్లగా ఉన్న చోట పైపైన గీకి, సిమెంటు పూసి, రంగు వేసేయడం. లోపల తుప్పు అలాగే ఉంటుంది. రెండు వానాకాలాలకు ఈసారి ఇంకా పెద్ద పెచ్చు ఊడుతుంది, అదీ కొత్త సిమెంటు బరువుతో కలిపి.

4. పైన, గోడ పక్కన

అసలు పరీక్ష ఇది. దీన్ని మాత్రం దాటేయొద్దు.

ముందు గదిలోనే నిలబడి గడప దగ్గర చూడండి. గడపకూ బాల్కనీ బండలకూ మధ్య సందు విడిందా? గోడ పొడవునా ఒకే గీతలా విడి ఉంటే అది మంచి సంకేతం కాదు.

తర్వాత గోడకు ఆనుకున్న వరుసలో ఒక బండను మేస్త్రీతో లేపించండి. ఏంటీ, బాగున్న బండ తీయమంటాడేంటి అనుకుంటారు. ఒక్క బండ పోతే పోనీండి. కింద ఇసుక తడిగా ఉందా చూడండి, వాన పడి వారమైనా తడి ఆరలేదంటే నీళ్ళు అక్కడే కాపురం ఉంటున్నాయి. ఇసుక ఊడ్చి స్లాబు మీద టార్చి వేయండి.

పగులు గోడకు సమాంతరంగా, గోడ నుంచి అడుగు లోపే ఉంటే, బాల్కనీని పట్టి ఉంచే కమ్మీలకు అడ్డంగా పగిలిందన్నమాట. నాకు తెలిసి బాల్కనీలో ఇంతకంటే చెడ్డ గుర్తు లేదు. ఆ రోజు నుంచే వాడకం ఆపేయండి. పగులు గోడ నుంచి బయటి అంచు వైపు పోతుంటే అది ఎక్కువగా ఎండకు, ఆరుదలకు వచ్చింది. ప్రమాదం తక్కువ, కానీ నీళ్ళు దిగకుండా మూయించాలి.

మేస్త్రీ అక్కడే ఉన్నాడు కాబట్టి ఒక చిన్న గుంట కొట్టించి కమ్మీ ఎంత లోతులో ఉందో కూడా చూసుకోవచ్చు. పైనుంచి అంగుళం, అంగుళంన్నర లోపు కమ్మీ తగలాలి. ఐదంగుళాల స్లాబులో మూడంగుళాలు తవ్వినా తగల్లేదంటే, కట్టిన రోజే కాంక్రీటు పోసేవాళ్ళ కాళ్ళ తొక్కుడుకు కిందికి దిగిపోయింది. అది ఎంత కొత్త బాల్కనీ అయినా సరే, నమ్మొద్దు. తుప్పు పట్టిన కమ్మీ కనపడితే తుప్పు గీకి లావు కొలవండి. 12 మి.మీ. కమ్మీ 9 మి.మీ.కు దిగిందంటే పోయింది పావు వంతు కాదు, బలం దాదాపు 44 శాతం పోయినట్టు. చూసిన తర్వాత ఆ గుంటను వాన లోపే నాన్-ష్రింక్ గ్రౌట్‌తో (ఆరినా కుంచించుకుపోని సిమెంటు మిశ్రమం) మూసేయండి.

5. కిందికి వాలిందా?

పైన బండలు నీళ్ళ కోసం వాలుగానే పరుస్తారు, అందుకని పైన కొలిస్తే తప్పుడు లెక్క వస్తుంది. కింది ముఖాన కొలవండి. నీళ్ళ పైపుతో గోడ దగ్గరా, బయటి అంచు దగ్గరా ఒకే మట్టం గుర్తు పెట్టి, అక్కడి నుంచి స్లాబు అడుగుకు ఎంత ఎత్తు ఉందో రెండు చోట్లా టేపుతో చూడండి. పైపులో గాలి బుడగ ఉంటే కొలత అంతా తారుమారు, ముందు అది చూసుకోండి.

మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం వంపు పొడవులో 250వ వంతు దాటకూడదు. నాలుగడుగుల బాల్కనీకి అది 5 మి.మీ. లోపే. అయితే సెంట్రింగు (కాంక్రీటు పోయడానికి కింద కట్టే పలకలు, ఆధారాలు) పెట్టిన రోజే కొంచెం తేడా ఉండొచ్చు కాబట్టి ఒక్క కొలతతో గుండెలు బాదుకోవద్దు. పై అంతస్తు బాల్కనీతో పోల్చండి. మూడు నెలల తర్వాత మళ్ళీ కొలవండి. కొలత పెరిగిందంటే మాత్రం అది నిజం. అర అంగుళం దాటి వాలి ఉంటే మూడు నెలలు ఆగకుండా ఇప్పుడే చూపించండి.

6. పగుళ్ళను లెక్కలో పెట్టండి

పగులు రెండు కొనలకూ పెన్సిల్‌తో అడ్డ గీత గీసి తేదీ రాయండి. మధ్యలో సన్న గాజు ముక్కను రెండు వైపులా సిమెంటు పేస్టుతో అతికించండి. గాజు విరిగితే పగులు కదులుతోంది. ఒక చిన్న కిటుకు: మన దగ్గర పగటి ఎండకూ తెల్లవారుజాముకూ స్లాబు ఉబ్బి తగ్గుతూ ఉంటుంది. పగులు కొలిస్తే ఎప్పుడూ ఒకే వేళ కొలవండి, పొద్దున ఏడుకంటే ఏడుకే. లేకపోతే ఎండ చేసిన తేడాను చూసి టెన్షన్ పడతారు.

వెంట్రుకవాసి పగుళ్ళు కాంక్రీటుకు సహజం. 0.3 మి.మీ. దాకా ప్రమాణమే ఒప్పుకుంటుంది. పాత పోస్టుకార్డు అంచు దూరేంత ఉంటే ఆ హద్దుకు దగ్గరపడిందన్నట్టే.

7. పిట్టగోడ, గ్రిల్లు

బాల్కనీ పడిపోవడం ఎప్పుడో ఒకసారి జరిగేది. పిట్టగోడ మీంచి, గ్రిల్లుతో సహా మనుషులు పడటం అంతకంటే ఎక్కువగా జరుగుతుంది. ఎత్తు నేల నుంచి కనీసం ఒక మీటరు ఉండాలి. బండల మీద బండలు పరిచిన ఇళ్ళలో నేల లేచి, గోడ పొట్టిదైపోయి ఉంటుంది, అందుకని ఇప్పుడున్న నేల నుంచే కొలవండి. కడ్డీల మధ్య సందు నాలుగంగుళాలు దాటకూడదు. అడ్డ కడ్డీలు నిచ్చెన మెట్లలా ఉంటే పిల్లలు ఎక్కుతారు, వాటికి లోపలి వైపు రేకు గానీ మెష్ గానీ కొట్టించండి.

ఊపి చూడటం ఎలా? గ్రిల్లుకు చేతి దూరంలో గట్టిగా కాళ్ళు తన్ని నిలబడి, చెయ్యి చాపి మీ వైపుకు లాగండి. బయటికి నెట్టొద్దు, ఆనుకోవద్దు. గ్రిల్లు కాళ్ళు స్లాబులోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. పైన రంగు నిగనిగలాడుతున్నా కాలి మొదట్లో నీళ్ళు నిలిచి ఇనుము బిస్కెట్టులా అయి ఉంటుంది.

8. బరువు లెక్క వేయండి

ఇది కాగితం మీద పని, పది నిమిషాలు చాలు. ఇళ్ళలో బాల్కనీకి మనుషులు, సామాన్ల కోసం ప్రమాణం చెప్పే బరువు చదరపు మీటరుకు సుమారు 300 కిలోలు. మన లెక్కలో చదరపు అడుగుకు 28 కిలోలు. గదుల్లో 200 చాలు, బాల్కనీకే ఎక్కువ అడుగుతారు, ఎందుకంటే జనం చేరేది అక్కడే.

ఇప్పుడు మన అలవాట్లు చూడండి. పాత గచ్చు తీయకుండా దాని మీదే కడప బండలో, బేతంచెర్ల బండలో పరిపిస్తాం. అంగుళం మందం బండ చదరపు అడుగుకు ఆరు కిలోల పైనే. కింద రెండంగుళాల సిమెంటు ఇసుక పది కిలోలు. అంటే పదహారు. మనుషులకని విడిచిన ఇరవై ఎనిమిదిలో సగం కంటే ఎక్కువ బండలే తినేశాయి. నాలుగడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు బాల్కనీకి ఇది 770 కిలోలు.

నాలుగున్నర అంగుళాల ఇటుక పిట్టగోడ, మూడడుగుల ఎత్తు, రెండు వైపులా ప్లాస్టరింగు ఉంటే అడుగు పొడవుకు 70 కిలోలకు తగ్గదు. అది కూర్చునేది బయటి అంచు మీద. అంచు మీద పెట్టిన బరువు, అంతటా పరిచిన అదే బరువుకు రెండింతలు లాగుతుంది. నీళ్ళ ట్యాంకు సంగతి చెప్పనే అక్కర్లేదు, 500 లీటర్లంటే అర టన్ను. బాల్కనీ మూల మీద ట్యాంకు పెట్టి "ఖాళీగానే ఉంది కదా" అన్న ఆయన్ను చూశాను. నింపడానికి కాకపోతే ఎందుకు పెట్టినట్టు?

వినాయక నిమజ్జనం రోజు మా కర్నూలులో కె.సి. (కర్నూలు-కడప) కాలువ ఘాటు వైపు పోయే దారుల్లో ప్రతి బాల్కనీలో ఇరవై మంది ఉంటారు. ఇరవై మంది, తలా అరవై కిలోలు, 1200 కిలోలు, అందరూ గ్రిల్లుకు ఆనుకుని అంచు మీదే. మీ బాల్కనీ ఏడాదికి ఒక్క రోజు ఎదుర్కొనే పెద్ద పరీక్ష అది. పై మెట్లలో ఏ ఒక్కటి అనుమానంగా వచ్చినా ఆ రోజు తలుపుకు తాళం వేయండి. చుట్టాలు అలిగితే అలగనీండి.

9. నీళ్ళు ఎటు పోతున్నాయి

ముందు మెట్లన్నీ బాగుంటేనే ఇది. ఒక బకెట్ నీళ్ళు పోసి చూడండి. నీళ్ళు గోడ వైపు రాకుండా బయటి గొట్టం వైపు పోవాలి. గొట్టం స్లాబు అంచు దాటి కనీసం ఆరంగుళాలు బయటికి ఉండాలి, లేకపోతే నీళ్ళు వెనక్కి మళ్ళి స్లాబు అడుగునే తడుపుతాయి. అనంతపురం జిల్లాలో వానే లేదు, ఇదంతా ఎందుకంటారు కొందరు. వాన కంటే రోజూ బాల్కనీలో బట్టలు ఉతికి, కుండీలకు నీళ్ళు పోసే ఇళ్ళలోనే నేను ఎక్కువ తుప్పు చూశాను. ఆ నీళ్ళు ఉప్పు బోరువైతే ఇంకా తొందరగా.

అనుమానం వస్తే ఆ రోజే ఏం చేయాలి

బాల్కనీ తలుపు మూసి, కుండీలు, వాషింగ్ మెషిన్ లాంటివి చేతికందినంత వరకు గది లోపల నిలబడే తీసేయండి. కింద దారి మూయండి. తర్వాత బయటి అంచుకు దగ్గరగా జాకీలు (స్లాబు కింద నిలబెట్టే ఇనుప గొట్టాలు) గానీ సర్వి కట్టెలు గానీ పెట్టించండి. వాటి మీద అడ్డంగా ఒక దిమ్మె, కింద పలక ఉండాలి. జాకీని స్లాబుకు తగిలేదాకే తిప్పాలి, వాలిన స్లాబును పైకి లేపాలని చూడొద్దు. లేపితే సాగుడు కింది ముఖానికి మారుతుంది, అక్కడ కమ్మీలు సన్నవి. రెండో అంతస్తు బాల్కనీకి ఆధారం మొదటి అంతస్తు బాల్కనీ మీద పెట్టి వదిలేయడం ఇంకో తప్పు. అక్కడి నుంచి నేల దాకా వరుసగా ఆధారాలు దిగాలి.

"శాశ్వతంగా రెండు ఇటుక పిల్లర్లు కట్టేస్తే పోతుంది కదప్పా" అని అడుగుతారు. కొన్ని ఇళ్ళకు పనికొస్తుంది, కొన్నింటికి కొత్త పగులు తెస్తుంది. ఇంజనీరు లెక్క వేయకుండా కట్టొద్దు.

పట్టి ఉంచే కమ్మీలు బాగుండి, కింద పెచ్చులు మాత్రమే ఊడితే మరమ్మతు ఇలా జరగాలి: డొల్ల అంతా కొట్టేయాలి, కమ్మీ వెనక కూడా వేలు దూరేంత చోటు చేయాలి, వైరు బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా రుద్దాలి, జింకు ప్రైమర్ పూయాలి, ఆ తర్వాత పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు) పొరలు పొరలుగా. ఆరిన తర్వాత మళ్ళీ సుత్తితో తట్టండి. ఖంగుమనకపోతే డబ్బులివ్వొద్దు.

కొత్తగా కడుతున్నవాళ్ళకు

స్లాబు వేసే రోజు ఎక్కడికీ పోకండి. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, కమ్మీలన్నీ చక్కగా పైన కట్టించి టీకి పోయొచ్చాను. ఆ పావుగంటలో కాంక్రీటు మోసేవాళ్ళు వాటి మీదే నడిచారు. సెంట్రింగు తీసిన రోజు అంచు వేలెడు దిగింది. పగలగొట్టి మళ్ళీ వేశాం, ఖర్చు నాదే. ఐదంగుళాల స్లాబులో పై కమ్మీ రెండంగుళాలు దిగితే బలం సుమారు సగమవుతుంది. కాబట్టి కమ్మీల కింద ఇనుప కుర్చీలు (పై కమ్మీని ఎత్తి పట్టే వంచిన కమ్మీ ముక్కలు) దగ్గర దగ్గరగా పెట్టించండి, నడవడానికి పలకలు వేయించండి.

బాల్కనీ నాలుగడుగులైతే పై కమ్మీ గదిలోకి ఆరడుగులు పోవాలి. గది స్లాబు, బాల్కనీ ఒకే పూట పోయాలి, గోడ గీత దగ్గర ఆపి రేపు పోస్తామంటే ఒప్పుకోవద్దు. బోరు నీళ్ళయితే ల్యాబులో చూపించండి, కమ్మీ ఉన్న కాంక్రీటుకు క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. నీళ్ళు కట్టడం (క్యూరింగ్) పది రోజులకు తగ్గొద్దు. బాల్కనీ కింది జాకీలను మిగతా స్లాబుతో పాటు ఏడో రోజు తీసేయకుండా కనీసం మూడు వారాలు ఉంచండి. తీసేటప్పుడు బయటి అంచు నుంచి మొదలుపెట్టి గోడ వైపు రావాలి. బేల్దారికి ఇది రెండుసార్లు చెప్పండి, అలవాటు కొద్దీ గోడ వైపు నుంచి మొదలుపెడతారు.

ఇక ఫోటో పంపాలనుకునేవాళ్ళు మూడు పంపండి: గోడ పక్క బండ లేపి టేపు పెట్టి తీసింది ఒకటి, పక్కనుంచి అంచు వాలు కనపడేలా ఒకటి, కింది మూలది ఒకటి. బాల్కనీ ఎన్ని అడుగులు, ఎన్నేళ్ళది, మీద ఏమేం ఉన్నాయో రాయండి. బండ లేపకుండా పంపితే నేను మళ్ళీ అదే అడుగుతాను.